తిన్నని కదలిక తిరుగుడుగా మారే విధానం – కవ్వం మొదలు జనరేటరు వరకు

ఏ పాల సంఘంలో బల్కు కూలరు పెట్టారో ఆ సంఘంలో దాని పక్కనే ఒక జనరేటరు కూడా వచ్చి కూర్చుంది. కూలరు పని సభ్యులందరికీ తెలుసు. పొదుగు నుంచి వచ్చేటప్పుడు ఇంచుమించు 37, 38 డిగ్రీల వేడి ఉండే పాలను 4 డిగ్రీలకు దింపి ఉంచడమే దాని పని. ఆ పని మధ్యలో ఆగితే, అందులోనూ మన డెల్టా వేసవిలో ఆగితే, పాలలోని సూక్ష్మజీవులు గంట గంటకూ రెట్టింపవుతూ పోతాయి. తెల్లవారి ట్యాంకరు వచ్చినప్పుడు కాచి చూసే పరీక్షలో పాలు విరిగాయంటే ఆ రాత్రి ట్యాంకులో ఉన్నదంతా నష్టమే. ఆ నష్టం ఏ ఒక్కరిదీ కాదు, రెండు లీటర్లు పోసిన వితంతువుది కూడా.

కరెంటు పోయిన రాత్రి ఆ పాలకు దిక్కు జనరేటరు. అయినా సంఘాల రికార్డులు తనిఖీ చేసేటప్పుడు నేను తరచు గమనించేది ఏమంటే, జనరేటరు కొనుగోలు తీర్మానానికి మినిట్సు పుస్తకంలో ఒక పేజీ పడుతుంది; దాని ఆయిలు మార్పుకు లాగ్ బుక్కులో ఒక పంక్తి కూడా పడదు. లోపల ఏం జరుగుతున్నదో తెలియకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. తెలిసిన వస్తువును ఎవరూ నిర్లక్ష్యం చేయరు. గేదె మేత మానితే అరగంటలో కనిపెట్టే మనకు ఇంజను సంగతి తెలియకపోవడానికి కారణం లేదు.

జనరేటరులో డీజిలు మండుతుంది. మండినప్పుడు పుట్టిన ఒత్తిడి సిలిండరులోని పిస్టనును తోస్తుంది. పిస్టను తిన్నగా కిందికి పోతుంది, తిన్నగా పైకి వస్తుంది. అంతకు మించి దానికి ఇంకో కదలిక లేదు. కాని కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు గుండ్రంగా తిరగాలి. తిన్నగా పోయే దానిచేత గుండ్రంగా తిరిగే పని ఎలా చేయిస్తారన్నదే ఈ వ్యాసంలో చెప్పబోయే విషయం.

ఈ మార్పిడి మనకు కొత్తది కాదు. పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉండేది. కవ్వానికి తాడు రెండు చుట్లు చుట్టి, దాని రెండు కొసలను చెరొక చేత పట్టుకొని, ఒకటి లాగి ఇంకొకటి వదులుతూ మజ్జిగ చిలికేవారు. ఆ తాడును పెద్దవాళ్లు తరితాడు అనేవారు. చేతుల కదలిక ముందుకూ వెనక్కూ, అంటే తిన్నని కదలిక. కవ్వం కదలిక తిరుగుడు. వడ్రంగులు తాడు చుట్టి లాగి చెక్కకు బెజ్జం వేసే బరమా కూడా ఇదే పద్ధతి. పురాణంలో పాల సముద్రాన్ని చిలికినప్పుడు కవ్వం మంధర పర్వతం, తాడు వాసుకి. కొండ కిందికి దిగబడిపోతుంటే విష్ణుమూర్తి కూర్మావతారమెత్తి కింద ఆనుగా నిలిచాడు. యంత్రాల భాషలో చెప్పుకుంటే ఆ తాబేలే బేరింగు. బేరింగు లేనిదే దేవతలకైనా అమృతం రాలేదు.

కవ్వంలో ఒక ఇబ్బంది ఉంది. తాడు అయిపోగానే కవ్వం ఆగి, వెనక్కు తిరగాలి. మజ్జిగకు ఇది నష్టం కాదు, ఎటు తిరిగినా వెన్న పడుతుంది. మిల్లుకూ, పంపుకూ, జనరేటరుకూ అలా కుదరదు. అవి ఒకే వైపు ఆగకుండా తిరగాలి. చిన్న పెట్రోలు ఇంజన్లను స్టార్టు చేయడానికి తాడు లాగుతారు చూడండి, అది కవ్వపు పద్ధతే. ఒక్క లాగుతో పని అయిపోతుంది కనుక అక్కడ సరిపోతుంది.

ఒకే వైపు తిప్పే ఉపాయం కుట్టు మిషనులో చూడవచ్చు. కాలి కింద పెడలు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తగిలించిన కమ్మీ పైకీ కిందికీ పోతుంది. ఆ కమ్మీ రెండో కొసను పెద్ద చక్రం నడిబొడ్డుకు తగిలించరు, నడిబొడ్డు నుంచి కాస్త దూరంగా తగిలిస్తారు. ఆ కాస్త దూరమే కిటుకు అంతా. దానినే క్రాంకు అంటారు. కమ్మీ తోసినప్పుడల్లా చక్రం తిరుగుతుంది.

కుట్టు మిషను తొక్కిన అక్కచెల్లెళ్లకు ఇంకో అనుభవం కూడా ఉంటుంది. ఒక్కొక్కసారి ఎంత తొక్కినా చక్రం కదలదు. అప్పుడు చేత్తో చక్రాన్ని కొంచెం తిప్పి మళ్లీ తొక్కుతారు. కమ్మీ, క్రాంకు, నడిబొడ్డు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. సైకిలు పెడలు నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు దాని మీద నిలబడినా సైకిలు ముందుకు పోదు, అదే సంగతి. దీనిని డెడ్ సెంటరు అంటారు. చక్రం ఒక్క చుట్టు తిరగడంలో ఇటువంటి చోట్లు రెండు వస్తాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు చోట్లా తోపు పనికిరాదు. అప్పటికే తిరుగుతున్న బరువైన చక్రం తన ఊపుతో దాటించాలి. ఇంజనుకు ఫ్లైవీలు పెట్టేది అందుకే.

ఇంత తేలికైన ఉపాయం మీద కూడా ఒకప్పుడు తగాదా నడిచింది. ఇంగ్లండులో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు మొదట గనులలో నీళ్లు తోడడానికే పనికివచ్చేవి. పంపుకు పైకీ కిందికీ కదలిక చాలు గదా. మిల్లులు తిప్పాలంటే క్రాంకు కావాలి. అయితే ఆవిరి యంత్రానికి క్రాంకు వాడుకునే హక్కును 1780లో జేమ్స్ పికార్డ్ అనే ఆయన పేటెంటు చేసుకున్నాడు. ఆయనకు సొమ్ము కట్టడం ఇష్టం లేక వాట్ 1781లో వేరే పద్ధతి పేటెంటు చేశాడు. ఒక పళ్లచక్రం చుట్టూ ఇంకో పళ్లచక్రం, సూర్యుని చుట్టూ గ్రహం వలె తిరిగే ఏర్పాటు అది. పికార్డ్ పేటెంటు 1794తో తీరిపోయాక అందరూ మామూలు క్రాంకుకే వచ్చారు. ఎప్పటి నుంచో సాన పట్టేవారి కాలి కింద ఉన్న వస్తువును ఒక మనిషి తన సొత్తని రాయించుకోవడం, ఇంకొకరు దాన్ని తప్పించుకోవడానికి చుట్టు తిరగడం, ఇవన్నీ సహకార పద్ధతి తెలియని కాలపు ముచ్చట్లు.

మన గోదావరి మీద 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీదుగా రాజమండ్రి, కొవ్వూరుల మధ్య అనేక దశాబ్దాలు ఆవిరి ఇంజన్లు నడిచాయి. ఆ వంతెన మీద రైళ్లు 1997లో ఆగిపోయాయి. ఆవిరి ఇంజను చక్రాల పక్కన ముందుకూ వెనక్కూ ఆడే పొడవాటి ఇనుప కడ్డీని చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. పిస్టను తోపును చక్రానికి అందించే కనెక్టింగ్ రాడ్డు అదే. అందులో ఒక విశేషం చాలా మంది గమనించి ఉండరు. ఇంజనుకు రెండు వైపులా ఒక్కొక్క సిలిండరు ఉండేది. కాని రెండు వైపుల క్రాంకులను ఒకే తీరున పెట్టేవారు కాదు, పావు చుట్టు తేడాతో పెట్టేవారు. ఎడమ వైపు డెడ్ సెంటరులో చిక్కుకుంటే కుడి వైపు నిండు బలంతో తోసేది. స్టేషనులో రైలు ఎక్కడ ఆగినా మళ్లీ కదలగలిగేది ఆ పావు చుట్టు వలననే. రైలింజనును చేత్తో కొంచెం తిప్పి సాయం చేసే వారెవరు!

డెల్టాలో రైసు మిల్లులను కరెంటు రాకముందు ఆవిరి ఇంజన్లు, ఆయిలు ఇంజన్లు నడిపేవి. అన్నిటిలోనూ పిస్టను, క్రాంకు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. మోటారు పుట్టుకతోనే గుండ్రంగా తిరుగుతుంది కనుక దానికి ఈ మార్పిడితో పని లేదు. అందుచేత మిల్లులలో క్రాంకు చాలావరకు కనుమరుగైంది. గోదావరి లాంచీలలో, ట్రాక్టరులో, మోటారు సైకిలులో, మన జనరేటరులో మాత్రం నిలిచి ఉంది. సిలిండరులో ఇంధనం మండే చోటల్లా అది తప్పదు.

ఇక మన ఇంజను సంగతికి వద్దాం. 80 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు, నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఒక సిలిండరు ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. 5 హార్సుపవరు ఇంజన్లలో ఈ కొలతలు బాగా వాడుకలో ఉన్నవే. స్ట్రోకు 110 అంటే పిస్టను ఆ చివర నుంచి ఈ చివరకు పోయే దూరం. క్రాంకు పొడవు అందులో సగం, 55 మిల్లీమీటర్లు. నిమిషానికి 1500 చుట్లంటే సెకనుకు 25. ప్రతి చుట్టులో పిస్టను రెండుసార్లు పూర్తిగా ఆగి వెనక్కు తిరుగుతుంది. అంటే సెకనుకు 50 సార్లు ఆగుతుంది, 50 సార్లు బయలుదేరుతుంది. అన్ని ఆగడాల మధ్యనే అది సగటున సెకనుకు ఐదున్నర మీటర్లు పోతుంది. సైకిలు మీద గట్టిగా తొక్కిన మనిషి వేగం అది.

బలం సంగతి చూడండి. పిస్టను పైభాగం వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు. డీజిలు మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ఒత్తిడి అనుకుంటే మొత్తం 3,000 కిలోలు. ఆరు ముర్రా గేదెలు ఒక్కసారిగా పిస్టను మీద నిలబడినట్లు. ఆ బరువంతా కనెక్టింగ్ రాడ్డు ద్వారా క్రాంకు మీద, మధ్యనున్న బేరింగు మీద పడుతుంది. అందులోనూ పిస్టను డెడ్ సెంటరు దగ్గర ఉన్నప్పుడే ఇంచుమించు ఆ గరిష్ఠ ఒత్తిడి వస్తుంది. అంటే తిప్పడానికి ఇంకా అంతగా ఉపయోగపడని క్షణంలో, బేరింగును నలగగొట్టడానికే అన్నట్లుగా పడుతుంది. ఇనుముకూ బేరింగుకూ మధ్య అడ్డు నిలిచేది వెంట్రుక కంటె సన్నని ఆయిలు పొర ఒక్కటే. ఆ పొర ఉన్నంతకాలం ఇనుము ఇనుమును తాకదు. ఆ పొర తెగిన కొద్ది నిమిషాలలో బేరింగు వేడెక్కి పట్టేస్తుంది. మెకానిక్కులు ఇంజను సీజు అయిందనేది దీనినే.

ఇంకొక అరుగుదల ఉంది. కనెక్టింగ్ రాడ్డు నిట్టనిలువుగా ఉండదు, క్రాంకు వెంట అటూ ఇటూ వాలుతుంది. వాలినప్పుడు పిస్టనును సిలిండరు గోడ వైపు నొక్కుతుంది. అందువలన సిలిండరు అన్ని వైపులా సమంగా అరగక కోడిగుడ్డు మాదిరి అరుగుతుంది. రీబోరు చేసేవారు సిలిండరును రెండు దిక్కులా కొలిచేది ఇందుకే. ఒక్క దిక్కునే కొలిచి బాగుందని చెప్పిన మెకానిక్కు మాట నమ్మనవసరం లేదు.

పాతకాలపు నెమ్మది ఇంజన్లను ఇంకా మెచ్చుకునేవారు సంఘాలలో ఉన్నారు. రాజ్‌కోట్ వైపు తయారై వచ్చిన, నిమిషానికి 650 చుట్లు తిరిగే, పెద్ద పెద్ద ఫ్లైవీళ్ల ఇంజన్లు అవి. మెరక పొలాలకు నీళ్లు తోడడంలో వాటికి మంచి పేరు. నిజమే, చుట్లు తక్కువ కనుక అరుగుదల తక్కువ. కాని నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే డీజిలు మండుతుంది. 650 చుట్లకు సెకనుకు అయిదారు తోపులే. తోపుకూ తోపుకూ మధ్య వేగం కొంచెం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పూర్వం పెళ్లి పందిళ్లలో ఇంజను డైనమో మీద వెలిగే బల్బులు మినుకుమినుకుమనేవి, జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1500 చుట్ల ఇంజనులో సెకనుకు పన్నెండున్నర తోపులు. కూలరు మోటారుకు కావలసినది సెకనుకు 50 సైకిళ్ల కరెంటు. మామూలు నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు 1500 చుట్ల దగ్గరే అది ఇస్తుంది. ఇంజను నీరసించి 1400 చుట్లకు దిగితే కరెంటు 47 సైకిళ్ల లోపుకు పడిపోతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మోటారు మాత్రం వేడెక్కుతుంది. కనుక లైటు చూసి జనరేటరు బాగుందని నిర్ణయించవద్దు, మీటరు చూడండి.

2022 జూలై వరదల తర్వాత ఒక లంక గ్రామపు సంఘంలో జరిగిన విషయం చెప్పడం అవసరం. జనరేటరు షెడ్డులోకి నీళ్లు వచ్చి తీశాయి. ఇంజను పైకి ఆరిపోయినట్లే కనిపించింది. సాయంత్రం పాలు పట్టాలి, కరెంటు లేదు, అందరికీ తొందర. బ్యాటరీ పెట్టి స్టార్టరు నొక్కారు. టక్కుమని శబ్దం వచ్చి ఇంజను నిలిచిపోయింది. సిలిండరులో నీరు ఉండిపోయింది. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీటిని నొక్కితే కుదించుకోదు. పైకి వచ్చే పిస్టనుకు గోడ అడ్డుపడినట్లయింది. తిరిగే క్రాంకు ఆగలేదు, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. కొత్త రాడ్డు, బేరింగులు వచ్చేవరకు పాలు క్యాన్లలో పక్క ఊరికి మోశారు.

నీట మునిగిన ఇంజనును ఎట్టి పరిస్థితిలోనూ స్టార్టరుతో తిప్పరాదు. ఇంజెక్టరు విప్పించి, ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పితే లోపలి నీరు ఆ బెజ్జం గుండా బయటకు పోతుంది. ఆయిలు కడ్డీ తీసి చూడండి. నీరు కలిసిన ఆయిలు పాలలాగ తెల్లబడుతుంది. పాలలో నీళ్లు కలిస్తే మనం ఊరుకోము గదా. ఆ ఆయిలు మొత్తం తీసేసి, ఫిల్టరు మార్చి, కొత్తది పోసిన తర్వాతనే ఇంజను ముట్టుకోవాలి.

మామూలు రోజులలో చేయవలసినది పెద్దగా లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిలు మట్టం చూడాలి. తయారీదారు పుస్తకంలో ఎన్ని గంటలకు ఆయిలు మార్చమన్నాడో అన్ని గంటలకు మార్చాలి, అన్ని గంటలు నడవకపోయినా ఏడాదికొకసారి మార్చాలి. వారానికొకసారి అరగంట నడపడం మంచిది, అదీ కూలరు లోడు ఇచ్చి నడపాలి. వట్టిగా నడిపితే సిలిండరులో మసి పేరుకుంటుంది. నడిచిన గంటలు, పోసిన ఆయిలు లాగ్ బుక్కులో రాస్తే తనిఖీకి వచ్చిన వారికి కాదు, సంఘానికే పనికివస్తుంది. చేతి హ్యాండిలుతో స్టార్టు చేసే ఇంజను ఉన్నచోట ఒక జాగ్రత్త: బొటనవేలిని హ్యాండిలు చుట్టూ బిగించకుండా, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచుకోవాలి. నెమ్మదిగా తిప్పినప్పుడు పిస్టను పైకి చేరకముందే డీజిలు మండితే క్రాంకు వెనక్కు తన్నుతుంది. ఆ తన్నుకు బొటనవేళ్లు విరిగినవారు ఉన్నారు. కండువాతోనూ, జారే పైటతోనూ ఫ్లైవీలు దగ్గరకు పోకూడదని వేరే చెప్పనక్కరలేదు.

పక్కనే ఉన్న కూలరు కంప్రెసరులో ఇదే క్రాంకు తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ మోటారు తిరిగి, క్రాంకు ద్వారా పిస్టనును తిన్నగా ఆడించి, చల్లబరిచే గ్యాసును నొక్కుతుంది. పిస్టన్లు లేని కంప్రెసర్లు కూడా ఇప్పుడు చాలా వచ్చాయి, వాటి సంగతి వేరు. పిస్టను కంప్రెసరు ఉన్న సంఘంలో కరెంటు పోయిన రాత్రి జరిగే ప్రయాణం ఇది: డీజిలు పిస్టను తిన్నగా పోయి ఇంజను క్రాంకును తిప్పుతుంది, ఆ తిరుగుడు కరెంటు అవుతుంది, కరెంటు మోటారును తిప్పుతుంది, మోటారు తిరుగుడు మళ్లీ పిస్టను తిన్నని కదలిక అవుతుంది. రెండు క్రాంకులలో ఏది ఆయిలు లేక పట్టేసినా పాలు చల్లబడవు.

అన్ని మార్పిడులూ ఇలా రెండు వైపులా నడుస్తాయనుకోకూడదు. కాలువ తూము దగ్గర లస్కరు హ్యాండిలు తిప్పితే మరకడ్డీ మీద షట్టరు తిన్నగా పైకి లేస్తుంది. కాని షట్టరును ఎంత నొక్కినా హ్యాండిలు తిరగదు. మర వాలు అంత తక్కువగా, రాపిడి అంత ఎక్కువగా ఉంటుంది. కనుకనే ఎత్తిన షట్టరు ఎత్తినచోటే నిలుస్తుంది, తన బరువుకు జారిపడదు. ఇక్కడ తిరుగుడుగా మారకపోవడమే దాని సుగుణం.

బలం కోసం కాక కొలత కోసం తిన్నని కదలికను తిరుగుడుగా మార్చే సాధనాలు కూడా సంఘంలో ఉంటాయి. కంప్రెసరు మీద గుండ్రని గేజీలలో వంచిన పల్చటి గొట్టం ఉంటుంది. 1849లో ఫ్రాన్సు దేశస్థుడు బూర్డాన్ కనిపెట్టిన పద్ధతి అది. ఒత్తిడి పెరిగితే గొట్టం వంపు కొద్దిగా విప్పుకుంటుంది, దాని కొస కాస్తంత కదులుతుంది. ఆ కాస్త కదలికను చిన్న పళ్లచక్రాలు పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. కూలరు ఆగి ఉన్నప్పుడు కూడా లోపల గ్యాసు ఉంటుంది కనుక ముల్లు సున్నా మీదికి రాదు, అందుకు కంగారు పడవద్దు. నడిచేటప్పుడూ, ఆగినప్పుడూ ఒకే అంకె మీద నిలిచి ఉంటే మాత్రం గేజీ పట్టేసిందని గ్రహించాలి.

డయలు కాటా కూడా ఇదే జాతి. దాణా బస్తా పెట్టగానే స్ప్రింగు అణుగుతుంది, దానితో పాటు పళ్లపట్టీ తిన్నగా కదులుతుంది, పళ్లపట్టీ చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది, ముల్లు దానికే ఉంటుంది. పట్టీ 50 మిల్లీమీటర్లు కదిలితే ముల్లు ఒక చుట్టు తిరిగి 100 కిలోలు చూపే కాటా అనుకోండి. అప్పుడు పట్టీలో ఒక్క మిల్లీమీటరు తేడా డయలు మీద 2 కిలోల తేడా. పళ్లలో దాణా దుమ్ము చేరినా, స్ప్రింగు అలసినా సభ్యుడికి అన్యాయం జరుగుతుంది, లేదా సంఘానికి. బస్తా దింపగానే ముల్లు సున్నాకు వస్తున్నదా, ఒకే బస్తాను మూడుసార్లు పెడితే మూడుసార్లూ ఒకే తూకం చూపుతున్నదా అన్నది ఏ సభ్యుడైనా అడిగి చూడవచ్చు. దానికి కార్యదర్శి నొచ్చుకోవలసిన పని లేదు. చాలా సంఘాలలో ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. వాటిలో పళ్లపట్టీ లేదు, ముల్లు లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర మాత్రం వాటికీ ఉండాలి.